నాన్నగారి గుండె గీత

ఏలూరు ఆర్.ఆర్.పేటలో ఒక గుండె డాక్టరుగారి క్లినిక్‌లో నేను ఈసీజీలు తీసేదాన్ని. కింద మందుల షాపు, మేడ మీద క్లినిక్, మెట్లెక్కేసరికే సగం మందికి ఆయాసం వచ్చేది. నా గదిలో ఒక ఇనప మంచం, పక్కన బల్ల మీద మిషన్, గోడకి ఫ్యాను. ఆ మంచం మీద పడుకునే ప్రతి మనిషీ ఏదో ఒకటి దాచాలని చూసేవాడే. సిగరెట్లు మానేశానండి అంటాడు ఒకాయన, చొక్కా విప్పుతుంటే జేబులోంచి పెట్టె జారి కింద పడుతుంది. ఊరగాయ ముట్టడమే లేదండి అంటుంది ఒక పెద్దావిడ, వేళ్ళ సందుల్లో ఎరుపు ఇంకా పోలేదు. నేను పైకి ఏమీ అనేదాన్ని కాదు. కాళ్ళకీ చేతులకీ క్లిప్పులు పెట్టి, ఛాతీ మీద జెల్లీ రాసి రబ్బరు బుడ్లు అంటించాక నోటితో పని లేదు. గుండె తన సంగతి తానే చెప్పుకుంటుంది.

షాకు కొడుతుందేమోనని అందరికీ భయం. "ఇది కరెంటు ఇచ్చే మిషన్ కాదండి, తీసుకునే మిషన్. మీ గుండె కొట్టుకునే ముందు దాంట్లో చిన్న కరెంటు పుడుతుంది. అది చర్మం దాకా వస్తుంది. దాన్నే మేం పట్టుకుని గీత గీయిస్తాం" అని చెప్పేదాన్ని. జంగారెడ్డిగూడెం నుంచి బస్సులో వచ్చిన ఒక పొగాకు రైతు అంతా విని, "అయితే నెలనెలా బిల్లు మీరే నాకు కట్టాలమ్మా" అన్నాడు. డాక్టరుగారు ఆ మాట చాలా రోజులు అందరికీ చెప్పుకున్నారు.

ఆ కరెంటు ఎంత చిన్నదంటే, రోగి చలికి వణికితే గీత వణుకుతుంది. బుడ్డి కాస్త వదులైతే గీత ఎగిరిపడుతుంది. అందుకే పెట్టే చేతిమీదే చాలా ఆధారపడి ఉంటుంది. నా చేయి మంచిదని పేరు. డాక్టరుగారు పొగిడే మనిషి కాదు, కానీ వేరేచోట తీయించుకొచ్చిన ఈసీజీలను పక్కన పడేసి "మా అమ్మాయి చేత ఇంకోసారి తీయించండి" అనేవారు. నాకు అది చాలు. ఆ చేతినే నేను అనుమానించుకుంటూ బతకాల్సి వస్తుందని అప్పటికి తెలియదు.

మా పుట్టిల్లు పెదపాడు దాటాక, కొల్లేటి వైపు ఊళ్ళలో ఒకటి. వరి చేలన్నీ ఒక్కొక్కటే చేపల చెరువులైపోయిన కాలం. మాకూ ఒక చెరువు ఉండేది. నాన్నగారు, బాబాయి కలిసి చూసుకునేవారు. బాబాయి పెళ్ళి చేసుకోలేదు. అమ్మ కాపురానికి వచ్చేసరికి ఆయన చిన్నపిల్లాడు, అమ్మే పెంచింది. అన్నదమ్ములిద్దరూ ఒకే పోలిక. దూరం నుంచి గట్టు మీద నడిచి వస్తుంటే ఎవరు ఎవరో నేనే పోల్చుకోలేకపోయేదాన్ని.

నాన్నగారికి నా ఉద్యోగం అంటే గొప్ప. ఊళ్ళో ఎవరైనా అడిగితే "మా అమ్మాయి గుండెలు రాస్తుంది" అని చెప్పేవారు. అలాంటి మనిషి నా దగ్గరికి ఎప్పుడూ గుండె చూపించుకోవడానికి రాలేదు. నేనే పట్టుకొచ్చాను. ఎందుకంటే ఒక ఆదివారం నేను ఇంట్లో ఉండగా, ఆయన మేత బస్తా భుజానికెత్తుకోబోయి ఉన్నపళంగా కూర్చుండిపోయారు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ మనిషి లేడు. మళ్ళీ అంతలోనే లేచి, ఏమీ జరగనట్టు బస్తా ఎత్తుకున్నారు. అంతకుముందు కూడా ఇలా అయిందా అని అమ్మని అడిగితే, "ఎండకి అండీ ఆయనకి, అప్పుడప్పుడూ కళ్ళు తిరుగుతాయి" అని నాతో కూడా అండీ అంది. అమ్మ కంగారు పడితే అంతే.

క్లినిక్‌లో ఈసీజీ తీశాను. పేషెంటు పేరు రాసే చోట అలవాటుగా పెన్ను పెట్టి, ఆయన పేరు రాయడానికి చేయి రాక, 'నాన్నగారు' అని రాశాను. గీత బాగానే ఉంది. కాస్త నిదానంగా కొట్టుకుంటోంది, అంతే. డాక్టరుగారు చూసి తల ఆడించలేదు. "మనం చూసింది కొన్ని సెకన్లు. ఈయన గుండె ఎప్పుడో ఒకసారి ఆగి, మళ్ళీ అందుకుంటోందేమోనని నా అనుమానం. అదే నిజమైతే పేస్‌మేకర్ పెట్టాలి. పెట్టించుకుంటే నిక్షేపంగా ఉంటారు. పెట్టకపోతే ఏ గట్టు మీదో, ఏ బండి మీదో ఆగుతుంది. రోజంతా పట్టే మిషన్ పెట్టి చూడాలి" అన్నారు.

ఒక పగలూ ఒక రాత్రీ ఒంటిమీదే ఉంచుకునే ఈసీజీ అది. మేం రోజు మిషన్ అనేవాళ్ళం. నడుముకి చిన్న డబ్బా, దానిలోంచి రంగురంగుల తీగలు, తీగల చివర ఛాతీకి అంటించే బిళ్ళలు. మనిషి తింటున్నా, పడుకున్నా, పోట్లాడుతున్నా గుండె కొట్టిన ప్రతి దెబ్బా దాంట్లో పడుతుంది. తర్వాత కంప్యూటర్‌కి తగిలించి చూస్తారు. మా క్లినిక్‌లో ఆ మిషన్ లేదు. తాడేపల్లిగూడెంలో మా డాక్టరుగారి స్నేహితుడి దగ్గర ఉంది. ఆయన ఎవరికీ బయటికి ఇవ్వరు. పేషెంటే గూడెం రావాలి, తీగలతో వెళ్ళి మర్నాడు మళ్ళీ రావాలి. నాన్నగారు అంత దూరం రెండుసార్లు రానన్నారు. నేను వెళ్ళి, బతిమాలి, నా పూచీ మీద తెచ్చుకున్నాను. ప్యాసింజర్ రైల్లో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన కూర్చున్నావిడ, "బంగారమా అమ్మా, దించట్లేదు?" అంది.

మర్నాడు పొద్దున్నే ఊరెళ్ళి పెట్టాను. వీధి అరుగు మీద నాన్నగారిని కూర్చోబెట్టి, ఛాతీ మీద అక్కడక్కడ జుట్టు గీసి, స్పిరిటుతో తుడిచి, ఏ రంగు తీగ ఎక్కడో చూసుకుని ఒక్కో బిళ్ళా అంటించాను. అమ్మ పక్కనే నిలబడి కన్నార్పకుండా చూసింది. ముగ్గు ఒక్కసారి చూస్తే ఇంటికొచ్చి అచ్చం అలాగే వేసే మనిషి ఆవిడ. చెమటకి బిళ్ళ ఊడితే మార్చడానికి కొన్ని విడి బిళ్ళలు కవరులో వేసి ఆవిడ చేతికే ఇచ్చాను.

"నీళ్ళలోకి దిగకూడదు నాన్నగారూ. తడిస్తే మిషన్ పోతుంది. తీగ ఊడితే అది కీచుమని అరుస్తుంది, భయపడకండి, మళ్ళీ తగిలించండి చాలు" అన్నాను.

"చేపల పట్టుబడికి ఇంకా వారం ఉందమ్మా. ఇవాళ నాకేం పని? మంచం మీద పడుకుంటాను" అన్నారు.

ఆ రోజుల్లో కొల్లేట్లో చెరువుల గట్లు తవ్వించేస్తారన్న మాట గట్టిగా వినిపిస్తోంది. మాది పట్టా ఉన్న సొంత జిరాయితీ భూమే అయినా భయం భయమే. చేప ఇంకా ఎదగకుండానే జనం పట్టేసి లారీలెక్కించేస్తున్నారు. వలవాళ్ళు దొరకడమే కష్టంగా ఉంది. ఇవన్నీ నాకూ తెలుసు. కానీ వారం ఉందని నాన్నగారు నోటితో చెప్పాక నేనెందుకు అనుమానిస్తాను?

మరునాడు మిషన్ తీసుకోవడానికి వెళ్ళేసరికి వాకిలంతా ఐసు నీళ్ళు, చేప పొలుసులు. బాబాయి లోపల పడుకుని ఉన్నాడన్నారు. నాన్నగారు అరుగు మీద బుద్ధిగా కూర్చుని ఉన్నారు. చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నారు. చొక్కా విప్పితే తీగలు తీగల్లా, బిళ్ళలు బిళ్ళల్లా ఉన్నాయి.

"పట్టుబడి అయిపోయిందా?" అన్నాను.

"లారీ దొరికిందమ్మా. నిన్న నువ్వెళ్ళాక కబురొచ్చింది. మళ్ళీ దొరుకుద్దో లేదోనని కానిచ్చేశాం. నేను మాత్రం గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నీళ్ళలోకి దిగిందంతా మీ బాబాయే. పాపం అలిసిపోయి పడుకున్నాడు" అన్నారు.

ఎంత చక్కగా చెప్పారో. నా మాట విన్నందుకు ఆయన్ని మెచ్చుకున్నాను కూడా. "ఈ ఒక్కసారైనా నా మాట విన్నారు" అన్నాను. అమ్మ అవతల పొయ్యి దగ్గర ఉంది. ఇటు తిరగలేదు. నాన్నగారి పాదాలు నాని, తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి. గట్టు తడిగా ఉంటుంది కదా అనుకున్నాను. కన్నవాళ్ళ పాదాలు చూసి కేసు పట్టుకునే బుద్ధి నాకు లేదు.

నేను బయల్దేరుతుంటే అమ్మ మిషన్ సంచిలో స్టీలు డబ్బా ఒకటి సర్దింది. శీలావతి చేప ముక్కల వేపుడు, గూడెం డాక్టరుగారికి. మా అమ్మ ఒకరి వస్తువు ఒట్టిగా తిరిగి పంపదు. పక్కింటివాళ్ళ గిన్నె వెళ్ళేటప్పుడు దాంట్లో కూరో, పచ్చడో, ఏమీ లేకపోతే కాస్త పంచదారో పడాల్సిందే. పాతికేళ్ళుగా చూస్తున్న ముచ్చటే. నవ్వుతూ తీసుకెళ్ళాను.

గూడెంలో కంప్యూటర్ ముందు కూర్చుని ఇద్దరు డాక్టర్లూ చూశారు. నేను వెనక నిలబడ్డాను. మొదటి గంట గీతలు ఎగిరిపడుతున్నాయి, చివర కూడా కాస్త చెదిరింది. "పల్లెటూళ్ళో తిరిగే మనిషి, మామూలే" అని ఆ రెండు ముక్కలూ వదిలేసి మధ్యదంతా చూశారు. గుండె ఎక్కడా ఆగలేదు. మధ్యాహ్నం గబగబా కొట్టుకుంది, తెల్లవారుజామున నిదానించింది. ఒక గీతలో మాత్రం చిన్న తేడా ఉంది. పైకి లేచి, కొంచెం దిగి, మళ్ళీ లేచి అప్పుడు పడుతోంది. నేను క్లినిక్‌లో తీసిన ఈసీజీలో అది లేదు. మా డాక్టరుగారు దాన్ని వేలితో చూపించి, "బిళ్ళలు పెట్టే చోటు వేరు కాబట్టి ఇలా కనిపించొచ్చు. దీనివల్ల భయం లేదు" అన్నారు. కొన్ని పేజీలు ప్రింటు తీసి నాకిచ్చారు. మిషన్‌లో ఉన్నది చెరిపేసి ఇంకో పేషెంటుకి సిద్ధం చేశారు.

నేను ఆ సాయంత్రమే ఊరికి ఫోన్ చేశాను. "బ్రహ్మాండంగా ఉంది నాన్నగారూ. ఆపరేషనూ లేదు, ఏమీ లేదు" అన్నాను. అవతల ఫోను పక్కకి పెట్టి అమ్మతో ఏదో అన్నారు. తర్వాత నాన్నగారు, "చూశావా, నేను చెప్పలా" అన్నారు.

ఆ వానాకాలం దాటలేదు. మేత చల్లడానికి దోనె ఎక్కబోతూ గట్టు పక్కన పడిపోయారు. మోకాలి లోతు నీళ్ళు. ఈత రానివాడు కూడా లేచి నిలబడే నీళ్ళు. బోర్లా పడ్డ మనిషి లేవలేదు. బాబాయి చూసి పరుగెత్తేసరికే అయిపోయింది. డాక్టరుగారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. "మిషన్ పెట్టిన రోజున గుండె ఆగలేదమ్మా. ఆగని రోజు మిషన్ ఏం పట్టుకుంటుంది? నీ తప్పు లేదు." అది వైద్యం తెలిసినవాళ్ళ ఓదార్పు. నాకు పట్టలేదు. నా చేయే ఎక్కడో తప్పిందనుకున్నాను. ఎగిరిపడ్డాయని వదిలేసిన ఆ గంటలోనే ఆగిందేమో, వదులుగా అంటించిన బిళ్ళ వల్ల అది కనపడలేదేమో అని.

పెద్దకర్మ రోజున భోజనాలయ్యాక మేనత్త నడవాలో అందరి మధ్యా అంది. "కూతురే మిషను పెట్టింది. కూతురే బాగుందని చెప్పింది. ఇంక ఎవర్ని అడుగుతామమ్మా?" ఆవిడ ఏడుస్తూ అంది, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అక్కడ అమ్మ ఉంది. విస్తళ్ళు ఎత్తుతూ వంగిన మనిషి వంగినట్టే ఉంది. బాబాయి స్తంభానికి ఆనుకుని కూర్చుని గోడవైపు చూస్తున్నాడు. ఇద్దరిలో ఒక్కరు "అదేం మాట" అంటారేమోనని నేను చూశాను. వాళ్ళ దుఃఖంలో వాళ్ళున్నారు, నా గురించి ఎక్కడ ఆలోచిస్తారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ తర్వాత నేను రోజు మిషన్ మళ్ళీ ముట్టుకోలేదు. కొన్నాళ్ళకి మా క్లినిక్‌కీ ఒకటి కొన్నారు. కొత్తగా చేరిన అమ్మాయికి నేర్పించమంటే మాటలతో చెప్పాను గానీ చేత్తో పెట్టి చూపించలేదు. మామూలు ఈసీజీ తీసేటప్పుడు కూడా ఒకటికి రెండుసార్లు బుడ్లు నొక్కి చూసుకునేదాన్ని. "ఏంటమ్మా, గుండె దిగిపోతోంది" అని పేషెంట్లు విసుక్కునేవారు. డాక్టరుగారు చూసీ చూడనట్టు ఊరుకునేవారు.

నాన్నగారి ప్రింటు కాగితాలు బీరువాలో పట్టుచీరల కింద దాచుకున్నాను. ఫోటోలో మనిషి కదలడు. ఇది అలా కాదు, ఆయన బతికి ఉన్న ఒక రోజు మొత్తం. మధ్యాహ్నం గబగబా కొట్టుకున్న చోట చూపుడువేలు పెట్టి, ఇక్కడ వలవాళ్ళ మీద కేకలేస్తున్నారు అనుకునేదాన్ని. తెల్లవారుజామున గీతలు దూరం దూరంగా ఉన్నచోట, కుడివైపు తిరిగి పడుకుని ఉంటారు అనుకునేదాన్ని. ఆ రెండు మెట్ల గీత, పైకి లేచి కొంచెం దిగి మళ్ళీ లేచేది, నాకు కళ్ళు మూసుకున్నా కనిపించేది. అది ఆయన సంతకం అనుకున్నాను. తద్దినం రోజున కార్యక్రమం అయ్యాక తలుపేసుకుని దాన్ని చూసుకునేదాన్ని. ఆ సంగతి అమ్మకి తెలుసు. ఒకసారి వచ్చి చూసింది కూడా. "ఇంకా ఉంచావా అవి?" అని అడిగి వెళ్ళిపోయింది.

కొన్నేళ్ళు గడిచాయి. బాబాయికి గిలక, అదే హెర్నియా, ఆపరేషన్ చేయాలన్నారు. ఆపరేషన్‌కి ముందు ఈసీజీ కావాలని ఆసుపత్రివాళ్ళు రాసిస్తే నా దగ్గరికే వచ్చాడు. నేను చొక్కా విప్పమనకముందే విప్పి, మంచమెక్కి, చేతులు పక్కకి పెట్టి పడుకున్నాడు. మొదటిసారి వచ్చినవాళ్ళెవరూ అలా పడుకోరు. ఎటు తిరగాలి, ఎటు కాళ్ళు పెట్టాలి అని వంద అడుగుతారు. జెల్లీ రాస్తుంటే, "ఆ బిళ్ళలు కాదా అమ్మా ఈసారి?" అన్నాడు. నేను చేస్తున్న పని ఆపలేదు. "ఇది కూడా కీచుమంటదా?" అన్నాడు.

అప్పటికి మిషన్ నడవడం మొదలైంది. కాగితం బయటికొస్తోంది. పైకి లేచి, కొంచెం దిగి, మళ్ళీ లేచి అప్పుడు పడే గీత. ఎన్నోసార్లు వేలు పెట్టి తడిమిన గీత. అది మా నాన్నగారిది. మంచం మీద పడుకున్నది బాబాయి.

కుదిపేసినట్టయింది. ఒక్క క్షణం నాన్నగారే వచ్చి పడుకున్నారనిపించింది కూడా. తర్వాత బుద్ధి పనిచేసింది. "బాబాయిగారూ, కీచుమనే మిషన్ మీరెప్పుడు పెట్టుకున్నారు?" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. కాళ్ళకీ చేతులకీ క్లిప్పులున్నాయి, లేచి వెళ్ళడానికి లేదు. కాగితం మీద గీతలు ఒక్కసారిగా దగ్గర దగ్గరగా పడటం మొదలైంది. నేను చూస్తూనే ఉన్నాను.

"లారీ వచ్చేసిందని కబురొచ్చిందమ్మా" అన్నాడు. "అన్నయ్య ఒక గంట చూశాడు. ఇంక ఆగలేక పీకేసి గుంజకి తగిలించి వెళ్ళిపోయాడు. అది అరుస్తానే ఉంది. మీ అమ్మ కంగారు పడిపోయి నన్ను పిలిచింది. నువ్వు ఎలా పెట్టావో అలాగే నాకు పెట్టింది. నేను కదలకుండా మంచం మీదే పడుకున్నాను, కరెంటు మిషను కదా, భయమేసింది. పొద్దున నువ్వొచ్చే వేళకి మళ్ళీ అన్నయ్యకి పెట్టింది."

మధ్యాహ్నం గబగబా కొట్టుకున్నది, మా నాన్నగారు వలవాళ్ళ మీద వేసిన కేకలు కాదు. మంచం మీద పడుకుని బాబాయి పడ్డ భయం. నవ్వొచ్చే సంగతే. ఇంకెవరింట్లోనైనా అయితే నేనూ నవ్వేదాన్ని.

"నీళ్ళలోకి దిగింది నాన్నగారా?"

"ఆయనేనమ్మా. మెడ లోతు."

బాబాయి ఈసీజీ కాగితం మిషన్ నుంచి చింపి, కత్తిరించి, అట్టమీద అంటించి డాక్టరుగారికి పంపాను. ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి, బీరువాలోంచి కాగితాలు తీసుకుని బాబాయితో కలిసి బస్సెక్కాను. దారంతా ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

అమ్మ పెరట్లో మినప్పప్పు ఎండబోస్తోంది. నేను అడిగింది విని, చాట కింద పెట్టింది. అబద్ధం ఆడలేదు. అది మాత్రం చెప్పుకోవాలి.

"ఎవరి గిన్నైనా ఒట్టిగా పంపిస్తామా అమ్మా? గూడెం డాక్టరుగారు నీ మొహం చూసి ఇచ్చిన మిషను. ఏమీ లేకుండా తిరిగెళ్తే నీకు మాట రాదా? నీ పరువు పోకూడదనే పెట్టాను. ఇద్దరూ ఒక్క తల్లి కడుపున పుట్టినోళ్ళు, పెద్ద తేడా ఏముంటదిలే అనుకున్నాను. బాగుందని నువ్వు ఫోన్ చేస్తే, ఆయనకీ బాగున్నట్టే అనుకున్నాం అందరం" అంది.

మిషన్ గిన్నె అనుకుంది మా అమ్మ. గుండె కూర అనుకుంది. ఇంట్లో ఉన్నదాంట్లోంచి కాస్త తీసి పోసి పంపింది. అంతవరకు నేను అర్థం చేసుకోగలను. ఆవిడ ఎలా పెరిగిందో నాకు తెలుసు. అర్థం కానిది వేరే ఉంది.

"పెద్దకర్మ రోజున అత్తయ్య ఆ మాటన్నప్పుడు నువ్వక్కడే ఉన్నావు. ఇన్నేళ్ళూ నా చేయి తప్పిందని నేను కుళ్ళిపోతుంటే చూస్తూ ఉన్నావు. ఈ కాగితాలు పట్టుకుని ఏడుస్తుంటే చూసి వెళ్ళావు. ఎందుకు చెప్పలేదమ్మా?"

అమ్మ మినప్పప్పుని చేత్తో పలచగా సర్దింది. తర్వాత చెప్పింది, గొంతు పెంచకుండా, మామూలుగా.

"చెప్తే ఆయన పోయింది నా వల్ల అయ్యేది. నేను ఈ ఊళ్ళోనే ఉండాలి. ఈ జనం మధ్యే తిరగాలి. నువ్వు చదువుకున్నదానివి, నీకు ఉద్యోగం ఉంది, ఏలూరు ఉంది. నువ్వైతే తట్టుకుంటావనుకున్నాను."

అంటే మరిచిపోయి కాదు, దుఃఖంలో పడి కాదు. తూచి చూసుకుని నా మీద పెట్టింది. చనిపోయిన నాన్నగారి మీద కోపం ఎన్నాళ్ళో నిలవలేదు. ఆయన తన ప్రాణంతో తాను ఆటాడుకున్నారు, అబద్ధం కూడా నా కళ్ళలోకి చూసి చెప్పారు, ఆ మనిషి తీరే అంత. అమ్మ అలా కాదు. నన్ను కన్న మనిషి, మోయగలనని చూసి మరీ ఎత్తించింది. ఇది నేను క్షమించానని రాయలేను. ఇప్పటికీ లేదు.

బాబాయి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ప్రింటు కాగితాలు ఆయన చేతిలో పెట్టాను. "ఇవి మీవండీ" అన్నాను. ఆయన తీసుకుని ఏం చేయాలో తెలియక చొక్కా జేబులో పెట్టుకోబోయాడు. పట్టలేదు. అలాగే చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"మరి మీ నాన్నగారిది నీ దగ్గర ఏమీ లేదా?" అంది అమ్మ.

ఉంది. క్లినిక్‌లో నా చేత్తో తీసిన ఆ చిన్న ఈసీజీ, ప్రింటు కాగితాల వెనకే పెట్టి ఇన్నేళ్ళూ దాచాను. నిజంగా ఆయనదైనది అదొక్కటే. అందులో చూసేందుకు ఏముంది, కొన్ని సెకన్లు, అని దాని వైపే చూడలేదు ఎప్పుడూ. సంచిలోంచి తీశాను. ఆ కాగితం వేడికి నల్లబడి గీత పడే రకం. వెలుతురుకీ, వేడికీ, ఏళ్ళకీ ఆ గీతలు వెలిసిపోతాయని కొత్తగా చేరిన అమ్మాయిలకి నేనే చెప్పేదాన్ని. ఫోటోస్టాట్ తీసి ఉంచుకోమని పేషెంట్లకి నేనే చెప్పేదాన్ని.

అమ్మ దాన్ని తీసుకుని వెలుతురులోకి పట్టుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. లేత గులాబీ గళ్ళు ఉన్నాయి. గళ్ళ మీద ఏమీ లేదు. పక్కన నా పెన్నుతో రాసిన 'నాన్నగారు' ఒక్కటే నిలిచి ఉంది.

"గీత ఏదమ్మా?" అంది.

"లేదమ్మా. ఒట్టిదే" అన్నాను.